టీచరమ్మ బండికి పసుపు పలక

మా అక్క దగ్గర డ్రైవింగ్ పరీక్షలో నేను నాలుగుసార్లు తప్పాను. ఈ సంగతి మా వీధిలో అందరికీ తెలుసు. దాచుకుందామనే అనుకున్నాను గానీ, అక్క దాచనివ్వలేదు. కొత్తగా చేరినవాళ్ళు భయపడుతుంటే వాళ్ళకి ధైర్యం చెప్పడానికి నన్నే చూపిస్తుంది. "మా తమ్ముడు నాలుగుసార్లు తప్పి కూడా నవ్వుతూ తిరుగుతున్నాడు, మీకేం భయం" అంటుంది. నేను నవ్వుతూ తిరుగుతున్న మాట నిజం కాదు. మొహం చెల్లక నవ్వుతున్నాను.

మా వీధి మలుపులో వరసగా మూడు షట్టర్లున్నాయి. మొదటిది అక్క డ్రైవింగ్ స్కూలు. గోడ మీద రోడ్డు గుర్తుల పటం, ఒక బల్ల, నాలుగు కుర్చీలు, బయట తెల్లటి చిన్న కారు. ఆ కారులో పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్ ఉంటాయి. అక్క కూర్చునేది అక్కడే. రెండో షట్టరు మా బావ గ్యారేజీ. మూడోది నాది. నేను కార్లకి సీటు కవర్లు కుడతాను. బండి నడపడం రాకపోయినా బండిలో కూర్చునేవాళ్ళ సుఖం నా చేతిలో ఉందని చెప్పుకుంటూ బతుకుతున్నాను.

అక్కని ఆ చుట్టుపక్కల ఎవరూ పేరుతో పిలవరు. 'పైకి చెప్పు టీచరమ్మ' అంటారు. ఆమె చదువంతా ఆ రెండు మాటల్లోనే ఉంది. స్టీరింగ్ ముందు కూర్చున్నవాళ్ళు కంటికి కనిపించిందీ, కాలితో చేయబోయేదీ గొంతు విప్పి చెప్పాలి. "ఎదురుగా లారీ. ఎడమ పక్క సైకిలు. అద్దంలో స్కూటరు. ఇప్పుడు బ్రేకు మీద కాలు." ఇలా పాఠం అప్పజెప్పినట్టు దారి పొడుగునా చెబుతూనే ఉండాలి. చెప్పలేనిది నువ్వు చూడలేదన్నమాటే అంటుంది అక్క. సిగ్గుపడి మానేసినవాళ్ళున్నారు. కానీ ఇరవై రెండేళ్ళలో ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళెవరూ పెద్ద ప్రమాదం చేసినట్టు నేను వినలేదు.

వాగుడు ఆమె వంతయితే మౌనం మా బావ వంతు. ఆయన చేతుల్లో ఉన్న పనితనం చూసి పెద్ద పెద్ద షోరూముల వాళ్ళు కూడా బండ్లు పంపేవారు. నోరు మాత్రం పెగలదు. ఎవరైనా బోల్టుతో కుస్తీ పడుతుంటే రెండు నిమిషాలు చూస్తాడు. ఆ తరవాత చెయ్యి చాచి "ఇటివ్వు" అంటాడు. అంతే. ఎలా చేశాడో అడిగితే చేసి చూపించిన చేతులనే మళ్ళీ చూపిస్తాడు. పని నేర్చుకుందామని వచ్చిన వాళ్ళెవరూ ఆర్నెల్లు నిలవలేదు. ఆయన ఇంట్లోనూ అంతే. అక్కతో పెళ్ళయి పద్దెనిమిదేళ్ళయింది, నాతో మొత్తం కలిపి ఒక గంటసేపు మాట్లాడి ఉంటాడు.

ఇక ఈ ఇద్దరూ కార్ల రేసులోకి ఎలా దిగారంటే, దానికి కారణం ఒక పళ్ళ డాక్టరు. ముప్పై అయిదేళ్ళు దాటాక అక్క దగ్గర డ్రైవింగ్ నేర్చుకుని, ఆ ఉత్సాహం తట్టుకోలేక ఒక పాత స్పోర్ట్స్ కారు కొన్నాడు. నీలం రంగు, రెండు సీట్లు, నేలని రాసుకుంటూ పోయే బండి. దాన్ని బావ గ్యారేజీలో పెట్టి, సెలవు రోజున ఊరి బయటి రేసు ట్రాక్ మీద తిప్పేవాడు. ఒకరోజు తప్పులు చెప్పమని అక్కని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆమె చెప్పిన తప్పులు వినలేక చివరికి స్టీరింగ్ ఆమెకే ఇచ్చాడు. ఆయన కంటే చుట్టుకి నాలుగు సెకన్లు ముందే తిరిగొచ్చింది అక్క. డాక్టరు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. రోజూ ఇతరుల చేత చేయించే పని ఆయనే చేశాడని ఇప్పటికీ నవ్వుతుంటాం.

అప్పటికి అక్కకి నలభై రెండు. రేసు సంఘం వాళ్ళు ఆమెకి తాత్కాలికపు లైసెన్సు ఇచ్చారు. మూడేళ్ళ గడువు. ఆ లోపల పొడుగు రేసు ఒకటి పూర్తి చేయాలి. అంటే ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా సాగే తొమ్మిది గంటల రేసు. బండికి ఇద్దరు డ్రైవర్లు. అందులో ఆమె కనీసం మూడు గంటలు నడపాలి, బండి చివర్లో తన కాళ్ళ మీద తను గీత దాటాలి. అప్పుడే పక్కా లైసెన్సు. గడువు దాటితే మళ్ళీ మొదటికి వస్తుంది. నలభై అయిదు నిండినవాళ్ళకి కొత్త లైసెన్సులు ఇవ్వరు కాబట్టి ఆ మొదలు కూడా ఉండదు.

అన్నిటికంటే కడుపు మండే సంగతి ఇంకొకటుంది. తాత్కాలికపు వాళ్ళు బండి వెనక పసుపు పలక తగిలించుకోవాలి. కొత్తవాళ్ళు, జాగ్రత్త అని మిగతావాళ్ళకి గుర్తు. ఇరవై రెండేళ్ళు ఊరందరికీ డ్రైవింగ్ నేర్పిన మనిషి వెనక నేర్చుకునేవాళ్ళ పలక. ఆమె శిష్యులు ఆ ఫోటో ఒకరికొకరు పంపుకుని నవ్వుకున్నారు. ఊడి దారిలో పడితే అదో అవమానమని, బావ ఆ పలకని మందపాటి రేకుతో చేసి రెండు బోల్టులతో బిగించాడు.

మొదటి ఏడు ఇంజను కాలింది. రెండో ఏడు వాన ముంచేసి రేసు సగంలో ఆపేశారు. మూడో ఏడు వచ్చేసరికి నేను ఉండబట్టలేక అడిగాను.

"ఎందుకక్కా ఈ తిప్పలు? స్కూలు బాగానే నడుస్తోందిగా."

అక్క తెల్ల కారు తలుపు తీసి పక్క సీటు చూపించింది. ఆ సీటు కవరు మూడుసార్లు మార్చింది నేనే.

"ఇరవై రెండేళ్ళుగా నేను కూర్చున్నది ఇక్కడరా. నా సీట్లో నేనెప్పుడు కూర్చోవాలి?"

ఆ వారమే రేసు కారుకి కొత్త సీటు కుట్టాను. ఆమె నడుముకి సరిపోయేలా కొలత తీసి కుట్టాను. నా చేతి పనిలో అంత శ్రద్ధ అంతకు ముందు లేదు, తరవాతా రాలేదు.

రేసు రోజు నా పని రేడియో. పిట్‌లో, అంటే బండ్లు వచ్చి పెట్రోలూ టైర్లూ వేయించుకునే చోట, చెవులకి హెడ్‌ఫోను పెట్టుకుని నిలబడాలి. నిజానికి ఆ పని మెకానిక్ చేస్తాడు. మా మెకానిక్ సంగతి చెప్పాను కదా. డాక్టరు నడిపేటప్పుడు రేడియోలో ఊపిరి చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. అక్క ఎక్కితే మాత్రం ఆకాశవాణే. "అద్దం. వెనక తెల్ల కారు. దారిస్తున్నాను. మలుపు. బ్రేకు. మూడో గేరు. అద్దం." గంటన్నర సేపు అలా వాయించి, మధ్యాహ్నం పన్నెండుంపావుకి డాక్టరుకి బండి అప్పగించింది. మళ్ళీ రెండుముప్పావుకి ఎక్కింది. అప్పటికి మా తరగతి బండ్లలో మేము మూడో స్థానంలో ఉన్నాం. డాక్టరు అప్పుడే కప్పు ఏ అలమరలో పెట్టాలో ఆలోచిస్తున్నాడు.

మూడూ ముప్పై అయిదుకి జరిగింది అది. నేను విన్నది విన్నట్టు చెబుతాను.

"ఎదురుగా ఎర్ర కారు. వెనక పసుపు పలక. మనలాంటివాడే. లోపలికి పోవాలా బయటికి పోవాలా తేల్చుకోలేకపోతున్నాడు. తడబడుతున్నాడు పాపం. కాలు తీస్తున్నాను. కానీ నాయనా, నిదానంగా సర్దుకో, నేను ఆగుతాను..."

ఆ తరవాత రేకు నలిగిన చప్పుడు. ఇంకోసారి, అంతకంటే గట్టిగా. ఆ పైన ఏమీ లేదు.

ఇంకే డ్రైవరైనా సందు చూసుకుని ఆ ఎర్ర కారుని దాటేసేవాడు. వెనక వస్తున్న నల్ల కారు వాడు కూడా ఈమె దాటేస్తుందనే అనుకున్నాడు. తడబడేవాణ్ణి చూస్తే ఆగి, సర్దుకునేదాకా కాచుకోవడం మా అక్కకి ఒంట్లో జీర్ణించుకుపోయిన అలవాటు. ఆగింది. నల్ల కారు వచ్చి వెనక మూల తగిలింది. మా బండి బొంగరంలా తిరిగి మలుపు బయట టైర్ల గోడని కొట్టి, పక్కన గడ్డిలోకి వచ్చి పడింది. ఎర్ర కారు వాడు మాత్రం నిక్షేపంగా సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఇవన్నీ తరవాత తెలిసిన సంగతులు. ఆ క్షణంలో నాకు తెలిసింది ఒకటే. నా ఎరుకలో మా అక్క నోరు మూతపడటం అదే మొదటిసారి. "అక్కా" అన్నాను. ఉలుకూ పలుకూ లేదు. "అక్కా, వినిపిస్తోందా?" బావ నా మొహం చూశాడు. చేతిలో ఉన్న పానా కింద పెట్టాడు. పడేయలేదు, పెట్టాడు.

అప్పుడు చెవిలో గరగరమంది.

"టైర్ల గోడ. తగిలింది ఎడమ పక్క. పొగ లేదు. పెట్రోలు వాసన లేదు. చేతులు కదులుతున్నాయి. కాళ్ళు కదులుతున్నాయి. మెడ తిరుగుతోంది. నోరు పనిచేస్తోంది."

"నోటి సంగతి చెప్పక్కర్లేదక్కా" అన్నాను. అని అక్కడే టైరు మీద కూలబడి ఏడ్చాను. ఏడవడానికి నాకేం సిగ్గు లేదు.

బతికి బయటపడింది, అది చాలు. కానీ అక్కకి అది చాలలేదు. ఆమె నడిపింది రెండు గంటల ఇరవై నిమిషాలు. ఇంకా నలభై నిమిషాలు బాకీ. ఆ ట్రాక్ నియమం ఏమిటంటే, బండి దారిలో ఆగిపోతే పిట్ దాకా దాన్ని తెచ్చుకోవలసింది డ్రైవరే. బండిలో ఉన్న సామాన్లతో తనే బాగుచేసుకోవాలి. వేరే మనిషి చెయ్యి పడిందా, డ్రైవరు కంచె దాటి బయటికొచ్చిందా, ఆ బండి ఇక రేసులో లేనట్టే.

బావా, డాక్టరూ, నేనూ ట్రాక్ వెనక దారంట పరిగెత్తాం. ఆ మలుపు దగ్గర ఇనప వల కంచె. కంచెకి అవతల ముప్పై అడుగుల్లో మా నీలం బండి, పక్కన హెల్మెట్ తీసి నిలబడ్డ అక్క. అప్పటికే ట్రాక్ వైద్యుడు ఆమె కళ్ళలో లైటు వేసి చూసి, వేళ్ళు లెక్కపెట్టించి, ఫరవాలేదని వెళ్ళిపోయాడు. ఆ మలుపుకి కాపలా ఉన్నది ఒక పెద్దాయన. ఉద్యోగం మానాక సరదాకి రేసుల్లో జెండాలు ఊపే హైస్కూలు హెడ్మాస్టరు. జేబులో నియమాల పుస్తకం, మెడలో ఈల.

"ఈ కంచె దాటి మాట తప్ప ఇంకేదీ పోకూడదు" అన్నాడు జెండా మాస్టారు. డాక్టరు తెచ్చిన నీళ్ళ సీసా వైపు వేలు చూపించాడు. "అది కూడా."

డాక్టరు ఒళ్ళు మండి ఆ నీళ్ళు తనే గటగటా తాగేశాడు.

దెబ్బ తగిలిన ఎడమ పక్క మాకు కనిపించదు. బండి అటు తిరిగి ఉంది. బావ వల సందులోంచి చెయ్యి పెట్టాడు. "ఇటి..." అన్నాడు. అలవాటైన మాట గొంతులోనే ఆగిపోయింది. "చెయ్యి వెనక్కి" అన్నాడు జెండా మాస్టారు. బావ చెయ్యి వెనక్కి తీసుకుని, దాన్ని ఏం చేయాలో తోచక చొక్కాకి తుడుచుకున్నాడు. ఇన్నేళ్ళుగా ఆయన నమ్ముకున్నవి ఆ రెండు చేతులే. అవి ఇప్పుడు కంచెకి ఇవతల ఉన్నాయి.

అక్క ఆయన్ని చూసింది. మొదటి రోజు స్టీరింగ్ ముందు బిగుసుకుపోయినవాళ్ళని చూసే చూపే అది.

"ఏమండీ, నాకు కనిపించింది నేను పైకి చెప్తాను. దానికి ఏం చేయాలో మీరు చెప్పండి. అంతే."

"నాకు చెప్పడం రాదు" అన్నాడు బావ.

"నాకు రిపేరు రాదు. సరిపోయింది."

ఆమె అటు వెళ్ళి నేల మీద బోర్లా పడుకుంది. మాకు బూట్లు మాత్రమే కనిపిస్తున్నాయి, మాట వినిపిస్తోంది.

"మడ్‌గార్డు లోపలికి నొక్కుకుపోయి టైరుని పట్టేసింది. చక్రం బయటికి చూస్తోంది. నీళ్ళు కారడం లేదు. నూనె లేదు. స్టీరింగ్ నుంచి చక్రానికి వచ్చే రాడ్డు విల్లులా వంగింది. విరగలేదు."

బావ కళ్ళు మూసుకున్నాడు. నేను ఆయన్ని గిల్లుదామా అనుకున్నాను. చివరికి నోరు విప్పాడు.

"మడ్‌గార్డు ముందు. లాగే పట్టీ ఉంది కదా. ఒక కొస దానికి. రెండోది ట్రాక్ పక్క కంభానికి. రివర్సు."

"కంభానికి కట్టొచ్చా?" అని డాక్టరు జెండా మాస్టారుని అడిగాడు. ఆయన పుస్తకం తీసి, కళ్ళజోడు పెట్టుకుని, రెండు పేజీలు తిప్పాడు.

"కంభం మనిషి కాదు కాబట్టి సాయం కింద రాదు" అన్నాడు.

అక్క పట్టీ కట్టి బండెక్కింది. ఇంజను లేచింది. ఎక్కువ లాగితే మడ్‌గార్డు చిరిగి చేతికొస్తుంది, తక్కువ లాగితే కదలదు. ఇక్కడ బావ చెప్పేదేమీ లేదు, ఇది ఆమె చదువు. "క్లచ్ సగం. పట్టుకుంది. వణుకుతోంది. అక్కడే ఉంచు. అక్కడే. తొందరలేదు." ఎన్ని వేల మందికి పక్క సీట్లోంచి చెప్పిన మాటలో అవి, ఇప్పుడు తన కాలికి తనే చెప్పుకుంటోంది. రేకు మూలుగుతూ మూలుగుతూ అంగుళం అంగుళం బయటికి వచ్చింది. కంచె దగ్గర అప్పటికి పాతిక ముప్పై మంది చేరారు. ఎవరో చప్పట్లు కొట్టబోతే జెండా మాస్టారు గుడ్లురిమాడు. చప్పట్లు సాయం కిందికి వస్తాయేమో ఆయనకీ తేలలేదు.

తరవాత జాకీ. గడ్డి నేల మెత్తగా ఉండి జాకీ కిందికి దిగబడిపోతోంది.

"దిగుతోంది. పైకి లేవడం లేదు" అంది అక్క.

"కింద ఏదైనా గట్టి రేకు పెట్టు."

"ఏం రేకు? ఇక్కడ నేనూ గడ్డీ తప్ప ఏమీ లేదు."

బావ బండి వెనక వైపు చూశాడు. ఆయనతో పాటు మేమందరం చూశాం. పసుపు పలక.

అక్క రెండు బోల్టులు విప్పి పలక తెచ్చి జాకీ కింద పెట్టింది. మూడేళ్ళ నుంచి ఆ పలకని చూసి పళ్ళు కొరికిన మనిషి, దాన్ని రెండు చేతులతో నేలకి అదిమి, సరిగ్గా ఉందో లేదో తట్టి చూసింది. బండి లేచింది. "పలక లేకుండా బండి కదలకూడదు, గుర్తుంచుకోండి" అన్నాడు జెండా మాస్టారు. "మళ్ళీ పెడతాను మాస్టారూ" అంది అక్క నేల మీంచే.

"వంగిన రాడ్డు పొట్టిదైపోతుంది" అన్నాడు బావ. ఆయనంతట ఆయన, ఎవరూ అడగకుండా. నేను తిరిగి చూశాను. "పొట్టిదైంది కాబట్టి చక్రం పక్కకి తిరిగింది. దాని మర విప్పి పొడుగు చేయాలి. ముందు చివర ఉన్న నట్టు వదులు చెయ్యి."

"ఎటు తిప్పాలి?"

"నీ వైపు."

"నేను పడుకుని ఉన్నాను. నా వైపంటే ఏ వైపు?"

బావ గాలిలో రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు. "గడియారం తిరిగే వైపు కాదు. రెండోది."

"వదిలింది. రాడ్డు తిప్పుతున్నాను. ఎన్ని చుట్లు?"

"చక్రం ఎంత తేడాలో ఉంది?"

"వెనక చక్రం వరసకి నాలుగు వేళ్ళు బయటికి."

"ఆరు చుట్లు తిప్పి చూసి చెప్పు."

"రెండు వేళ్ళు."

"ఇంకో మూడు."

"ఒక వేలు. అంతకంటే తక్కువే."

"చాలు. నట్టు బిగించు. బిగించాక నీ చెయ్యి నమ్మకు, మళ్ళీ బిగించు. భయం లేదు, పట్టుకుంటుంది. నిదానంగా తోలుకొచ్చెయ్, అక్కడ నేను కొత్తది వేస్తాను."

ఆ గంటంపావులో బావ మాట్లాడినన్ని మాటలు వాళ్ళ పెళ్ళి నాటి నుంచి మాట్లాడి ఉండడు. గొంతు బొంగురుపోయింది. అలవాటు లేని గొంతు మరి.

నాలుగూ యాభైకి అక్క జాకీ దించి, సొట్టపడిన పలకని మళ్ళీ వెనక బిగించి, హెల్మెట్ పెట్టుకుంది. "అద్దం. ఎవరూ లేరు. కదులుతున్నాను." బండి కుంటుకుంటూ గడ్డిలోంచి దారెక్కింది. ఈసారి చప్పట్లు జెండా మాస్టారే మొదలుపెట్టాడు.

మేము పరిగెత్తి పిట్‌కి చేరేసరికి అయిదు. నిమిషం తేడాతో బండి వచ్చింది. బావకి చేతులు తిరిగొచ్చాయి. వంగిన రాడ్డు పీకి కొత్తది వేస్తున్నాడు. అప్పుడు నాకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. లెక్క ప్రకారం చివరి వంతు డాక్టరుది. ఆయన హెల్మెట్ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. కప్పు ఆశ ఎలాగూ పోయింది, కనీసం చివరి గీత తను దాటాలన్న కోరిక ఆ మనిషికి ఉండదా? కారు ఆయనది. అక్క సీటు బెల్టు విప్పుతోంది, ముందే ఒప్పుకున్న వంతు కదా.

డాక్టరు కిందికి వంగి ఆ బెల్టు మళ్ళీ బిగించాడు.

"కదలకండి మేడమ్. నాకు లైసెన్సు ఉంది. మీకు ఇంకా నలభై నిమిషాలు కావాలి. ఒక్క మాట, ఈసారి ఎవరికీ దారివ్వకండి."

అయిదూ పదహారుకి, ఇక బయల్దేరమని బావ కారు పైకప్పు మీద రెండుసార్లు తట్టాడు. కుంటుకుంటూ వచ్చిన పది నిమిషాలు కూడా ఆ నలభైలో కలిశాయి గానీ, చివరి గీత దాకా బండి నిలవాలి. నేను రేడియోలో ప్రతి చుట్టూ చెబుతున్నాను. ఇరవై నిమిషాలు గడిచాయి. ముప్పై. మూడు గంటలు నిండాయని సంఘం వాళ్ళ బల్ల నుంచి చీటీ వచ్చింది. ఇక మిగిలింది గీత ఒక్కటే. అయిదూ యాభై ఎనిమిది అయ్యేసరికి నా గొంతు పూడుకుపోయింది. "అక్కా" అన్నాను, ఆ తరవాత గాలే వచ్చింది.

బావ నా చెవుల మీంచి హెడ్‌ఫోను తీశాడు. "ఇటివ్వు" అన్నాడు.

పెట్టుకుని, పిట్ గోడ మీదికెక్కి నిలబడ్డాడు. అటు చివర మలుపులో నీలం బండి కనిపించింది.

"కనిపించావు" అన్నాడు బావ. "ఎడమ లైటు లేదు. మడ్‌గార్డు ఊగుతోంది, ఊడదు. చక్రం సూటిగా ఉంది. పొగ లేదు. వెనక ఎవరూ లేరు, పక్కన ఎవరూ లేరు. జెండా చేతిలోకి తీసుకున్నారు. నీకే. గీత వస్తోంది. వచ్చింది. దాటావు." ఊపిరి తీసుకున్నాడు. "బాగా నడిపావు."

రేడియో చప్పుడు చేయలేదు. ఆ రోజులో రెండోసారి మా అక్క నోరు మూతపడింది.

మా స్థానం పదిహేడు. దాటిన బండ్లే పదిహేడు. అయినా ఆ సాయంత్రం మేము చేసిన గోల చూసి మొదటి స్థానం వాళ్ళు కూడా ఎవరు గెలిచారో అని తొంగి చూశారు. డాక్టరు బావని ఎత్తుకోబోయి నడుం పట్టేసుకున్నాడు. ఎర్ర కారు మనిషి వచ్చాడు. యాభై ఏళ్ళ మందుల షాపు ఆయన. తనూ పూర్తి చేశాడట. అక్క ముందు నిలబడి "మీరు ఆ సందులోకి వచ్చి ఉంటే నేను మిమ్మల్ని చూసేవాణ్ణి కాదండీ, మీదికి వచ్చేసేవాణ్ణి" అన్నాడు. అక్క ఆయన భుజం తట్టి, మలుపుల్లో ముందుగానే ఒక పక్క తేల్చుకోమని అక్కడే పాఠం చెప్పింది.

సంఘం బల్ల దగ్గర పక్కా లైసెన్సు మీద ముద్ర వేశారు. దాంతో పాటు ప్రమాదం కాగితం కూడా నింపమన్నారు. 'ఎవరి తప్పు' అన్న గడిలో అక్క 'నాది' అని రాసింది. డాక్టరు ఒంటికాలి మీద లేచాడు.

"మీదెలా అవుతుంది మేడమ్? వెనక నుంచి గుద్దింది వాడు."

అక్క కలం పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

"నువ్వు నాలుగుసార్లూ ఎందుకు తప్పావురా?"

"అద్దం చూడకుండా బ్రేకు వేసినందుకు" అన్నాను. నిద్రలో లేపి అడిగినా చెబుతాను అది.

"నేనూ అందుకే. ఆగడం తప్పు కాదు, ఇంకోసారైనా ఆగుతాను. అద్దం చూడకుండా ఆగాను. నువ్వు విన్నావు కదా రేడియోలో, నేను అద్దం అన్నానా?"

అనలేదు. నాకు ఆ క్షణం నుంచీ తెలుసు. ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. అక్క పరీక్షలో తప్పిందని ఊరంతా చాటే అవకాశం జన్మకి ఒక్కసారి వచ్చింది, అయినా నోరు రాలేదు. ఆమే చెప్పేసింది.

బావ బండి వెనక నుంచి పసుపు పలక విప్పుకొచ్చాడు. ఒక మూల సొట్ట, మధ్యలో జాకీ గుర్తు. అక్క దాన్ని తుడిచి నా చేతిలో పెట్టింది.

"రేపు పొద్దున ఆరింటికి తెల్ల కారుకి తగిలించు. అయిదోసారి."

"పొద్దున్నే నీకు ఒళ్ళు నొప్పులుండవా అక్కా? పక్కన నువ్వు కూర్చోగలవా?"

"నేనెందుకు కూర్చుంటాను" అంది అక్క, లైసెన్సు మడిచి జేబులో పెట్టుకుంటూ. "మీ బావ కూర్చుంటారు. ఆయనకి ఇప్పుడు చెప్పడం వచ్చు."